ఆరు చాపల గదిలో సముద్రం

ప్రశ్న: అమ్మా, నమస్తే. రెండేళ్ళుగా అక్రిలిక్ రంగులతో బొమ్మలు వేస్తున్నాను. ఆమధ్య కలలో జపాన్ పాతకాలపు ఇంటి గది ఒకటి కనిపించింది. కాగితం తలుపులు మూసి ఉన్నాయి, లోపల ఎవరూ లేరు, కాళ్ళ కింద నుంచి సముద్రం హోరు వినిపిస్తోంది. దాన్ని 60×90 సెంటీమీటర్ల కాన్వాస్ మీద సర్రియలిస్టు బొమ్మగా, అంటే కలలోలా వింతవి మామూలువాటితో కలిసే బొమ్మగా వేద్దామని మొదలుపెట్టాను. గాల్లో తేలే చేపలు, కరిగిపోతున్న గడియారం, పైకప్పులోకి పోయే మెట్లు, కిటికీలో ఫూజీ కొండ, ఎర్రటి తోరీ ద్వారం, చెర్రీ పూలు అన్నీ పెట్టాను. చూసినవాళ్ళు ‘బాగుంది, పోస్టర్‌లా ఉంది’ అంటున్నారు. కలలో నాకు కలిగిన గుబులు మాత్రం బొమ్మలో ఎక్కడా కనబడడం లేదు. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: మీరు పంపిన ఫొటోని చాలాసేపు చూశానమ్మా. కలలో మీరు విన్నది సముద్రం. బొమ్మలో అన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు.

ముందు ఆ సామానంతా బయటికి పంపించండి. కరిగే గడియారాన్ని 1931లోనే సర్రియలిస్టు చిత్రకారుడు డాలీ వేసేశాడు. అది కనబడగానే ఎవరికైనా ఆయనే గుర్తొస్తాడు, మీ కల గుర్తుకు రాదు. తోరీ అంటే షింతో ఆలయానికి దారి చూపే ద్వారం, దానికి ఇంటి గదిలో పని లేదు. ఫూజీ, చెర్రీ పూలు జపాన్ అనగానే ఎవరికైనా తట్టేవి. మీకు మాత్రమే తట్టింది కాళ్ళ కింది హోరు. ఇలాంటి బొమ్మలో వింత ఒక్కటే ఉండాలని నా గట్టి నమ్మకం. అది తప్ప మిగతా గదంతా కొలత ప్రకారం, వెలుగు ప్రకారం నిజంగా ఉండాలి. మరో సర్రియలిస్టు మాగ్రిట్ 1952లో గది నిండా ఒకే ఒక్క ఆకుపచ్చ ఆపిల్ పండు వేశాడు. ఆ గదికి చెక్క నేల, గోడలు, కిటికీ, అన్నీ మామూలుగా ఉన్నాయి కాబట్టే ఆ పండు చూస్తుంటే ఊపిరాడనట్టు ఉంటుంది.

ఇక గది సంగతి. జపాన్ గదికి ప్రాణం నేలలోనే ఉంది. అక్కడ గదిని చాపల లెక్కన కొలుస్తారు: నాలుగున్నర చాపల గది, ఆరు చాపల గది, ఎనిమిది చాపల గది. ఆ చాప పేరు తతామి. పాత పద్ధతిలో అయితే లోపల వరిగడ్డిని గట్టిగా అదిమి కుట్టి, పైన ఇగుసా అనే రెల్లు అల్లిక పరిచి, పొడుగు అంచులకు గుడ్డ పట్టీ కుడతారు. మందం దాదాపు 5.5 సెంటీమీటర్లు. టోక్యో వైపు కొలత 88×176 సెంటీమీటర్లు, క్యోటో వైపు కొంచెం పెద్దది, 95.5×191. ఎక్కడైనా పొడవు వెడల్పుకి రెట్టింపే. మీ బొమ్మలో చాపలు ఒక్కోటి ఒక్కో కొలతలో ఉన్నాయి, అందుకే నేల గుడ్డ పరిచినట్టు మెత్తగా జారిపోతోంది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట నేనూ ఇలాంటి గది ఒకటి వేశాను. ఎనిమిది చాపలు, నోటుపుస్తకంలో గళ్ళలాగా వరసగా పరిచాను, నాలుగేసి మూలలు ఒక్క బిందువు దగ్గర కలిసేట్టు. ప్రదర్శనకి వచ్చిన ఒక జపాన్ పెద్దావిడ దాని ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నా దగ్గరికొచ్చి చాలా మెల్లగా, “ఈ ఇంట్లో ఎవరైనా పోయారా?” అని అడిగింది. నాకు గుండె జారినట్టయింది. మామూలు రోజుల్లో, శుభకార్యాలప్పుడు చాపల అతుకులు ఇంగ్లీషు ‘టీ’ ఆకారంలో కలవాలి, నాలుగు మూలలు ఒకచోట కలవకూడదు. నేను వేసినట్టు గళ్ళుగా పరిచేది అశుభ సందర్భాల్లో. గుళ్ళలో, పెద్ద హాళ్ళలో కూడా అలా పరుస్తారు కానీ, ఇంట్లో చూస్తే అక్కడివాళ్ళ మనసు ముందు చావు మీదికే పోతుంది. నాకు తెలియకుండానే ఆ గదిలో ఒక శవాన్ని పెట్టాను. తర్వాతి బొమ్మలో అదే అమరికను తెలిసే వాడాను, ఆ గదిలో ఇంకే వింతా పెట్టనవసరం లేకపోయింది. మీ కలలో చావు లేదు కాబట్టి ‘టీ’ అతుకులే వేయండి.

ఆరు చాపల గది తీసుకోండి, సుమారు 2.6×3.5 మీటర్లు. పొడుగు వైపులు కలిసేట్టు పక్కపక్కన పెట్టిన రెండు చాపలు ఒక చదరం అవుతాయి. ముందు ఆ చదరం ఒక్కటి పర్‌స్పెక్టివ్‌లో, అంటే దూరం వెళ్ళేకొద్దీ చిన్నదయ్యేట్టు, సరిగ్గా గీయండి. దాని కర్ణాన్ని కంటి మట్టం గీత దాకా పొడిగిస్తే ఒక బిందువు దొరుకుతుంది. మిగతా చదరాల కర్ణాలన్నీ అక్కడికే చేరాలి. నేలంతా దానంతటదే సర్దుకుంటుంది.

కంటి మట్టం మీరు నిలబడి చూసినట్టు పెట్టారు. అది చాలా పెద్ద తేడా. ఆ గదులు నేల మీద కూర్చున్న మనిషి కోసం కట్టినవి. కూర్చుంటే కన్ను సుమారు 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, పాత ఇళ్ళ జారుడు తలుపు ఎత్తు 175 దాకా. అంటే మీ కంటి మట్టం గీత తలుపు ఎత్తులో సగానికి కాస్త కిందకి రావాలి. అప్పుడు నేల దగ్గరికి వస్తుంది, సీలింగ్ ఎత్తుగా, చీకటిగా దూరం జరుగుతుంది. కావసాకిలోని నిహోన్ మింకాయెన్‌లో పాత ఇళ్ళను వాటి వాటి ఊళ్ళ నుంచి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. అక్కడ ఒక ఇంట్లో నిలబడి స్కెచ్ వేస్తే ఖాళీ గిడ్డంగిలా వచ్చింది. కూర్చుని వేశాక అది ఇల్లయింది.

ఇప్పుడు సముద్రం. నా సలహా వినండి: ఆరు చాపల్లో ఒక్క చాపను సముద్రం చేయండి. పొడుగు అంచుల గుడ్డ పట్టీలు అలాగే ఉంచండి, కొలత అంగుళం కూడా మారకూడదు. ఆ పట్టీల మధ్య నీళ్ళు. అది కూడా నేల మట్టానికి కాకుండా ఒక మూడు వేళ్ళు కిందకి. అప్పుడు పక్క చాప తెగిన అంచు కనిపిస్తుంది, పైన పల్చటి రెల్లు పొర, దాని కింద కుట్టి అదిమిన గడ్డి, నీళ్ళు తాకినచోట గడ్డి ముదురు గోధుమ రంగుకి తిరిగి ఉంటుంది. తడిసిన ఆ వేలెడు గడ్డిని సన్న బ్రష్‌తో రెండు రోజులు కూర్చుని వేయండి. చూసేవాళ్ళు ఆ తడిని నమ్మితే సముద్రాన్నీ నమ్ముతారు. కెరటాలు, నురగ వద్దు. నీటి మీద షోజి అనే ఆ కాగితం తలుపు గళ్ళు తలకిందులుగా, నిట్టనిలువుగా కిందకి పడాలి, కొంచెం వణకాలి. హోరు అక్కడి నుంచి వినిపిస్తుంది.

షోజి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు దాన్ని ట్యూబులోంచి తీసిన తెలుపుతో నింపేశారు. కాగితం చట్రానికి బయటి వైపు అతికి ఉంటుంది, గదిలోంచి చూస్తే చెక్క పట్టీలు ముందు కనబడతాయి. వెనక వెలుగు కాబట్టి అవి ముదురుగా ఉంటాయి కానీ నల్లగా కాదు. బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగులో కాస్త అల్ట్రామెరీన్ నీలం కలిపితే చాలు. వెలుగు ఎక్కువ ఉన్నచోట పట్టీ సన్నబడినట్టు కనిపిస్తుంది, వెలుగు దాని అంచుల్ని కొరికేస్తుంది. కాగితానికి టైటానియం వైట్‌లో ఎల్లో ఓకర్ చిటికెడు, అల్ట్రామెరీన్ అంతకంటే తక్కువ వేయండి, తలుపు కిందికి వచ్చేకొద్దీ చాపల రంగు కొద్దిగా ఎక్కించండి. బొమ్మ మొత్తంలో అన్నిటికన్నా వెలుగు ఈ కాగితమే కావాలి. దానికోసం మిగతావన్నీ ఒక మెట్టు కిందకి దించాలి.

ఇంకొకటి, చాలామంది గమనించరు. ఇగుసా అల్లికకి ఒక వాలు ఉంటుంది. కాబట్టి పక్కపక్కనే ఉన్న ఒకే రంగు చాపలు, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా పరిస్తే, ఒకటి లేతగా ఒకటి ముదురుగా కనిపిస్తాయి. కొత్త చాప పచ్చగా ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఎండుగడ్డి రంగుకి తిరుగుతుంది. మీ గది పాతది కాబట్టి ఎండుగడ్డి రంగే వేయండి. సముద్రం పక్కనున్న చాప ఒక్కదాన్ని మాత్రం కొత్తదిగా, పచ్చగా వేయాలనిపిస్తోంది నాకు. అది మీ ఇష్టం.

ప్రశ్న: జపాన్ సంప్రదాయపు ఇంటిని యూరప్‌లో పుట్టిన సర్రియలిజంతో కలపడం ఆ సంస్కృతిని పాడుచేసినట్టు కాదా? మా ఆర్ట్ క్లాసులో ఇదే వాదన నడుస్తోంది. నాకూ టెన్షన్‌గా ఉంది.

జవాబు: జపాన్ చిత్రకారులే ఆ పని ఎప్పుడో చేశారు, దానికి మూల్యం కూడా చెల్లించారు. కోగా హారుయే 1929లో వేసిన ‘ఉమి’లో ఈత దుస్తుల్లో చెయ్యెత్తి నిలబడ్డ అమ్మాయి, జలాంతర్గామి, ఫ్యాక్టరీ, చేపలు ఒకే సముద్రం మీద కలుస్తాయి. ఉమి అంటే సముద్రమే. ఇప్పుడది టోక్యో నేషనల్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది. కవి తకిగుచి షూజో 1930లో, సర్రియలిజాన్ని మొదలుపెట్టిన ఆంద్రే బ్రెటన్ రాసిన పుస్తకాన్ని జపనీస్‌లోకి తెచ్చాడు. 1941లో ఆయన్నీ, చిత్రకారుడు ఫుకుజావా ఇచిరోనీ పోలీసులు అరెస్టు చేసి నెలల తరబడి నిర్బంధంలో ఉంచారు. వాళ్ళ చేతుల్లో ఉన్నది ఈ కళే.

అంతకంటే వెనక్కి వెళ్ళినా సరే. జపాన్ పాత నవల ‘గెంజి కథ’కి 12వ శతాబ్దంలో వేసిన చిత్రపటాల్లో ఇంటి పైకప్పు తీసేసి, పై నుంచి ఏటవాలుగా గదిలోకి చూపిస్తారు. గోడలు, తెరలు అలాగే ఉంటాయి, కప్పు మాత్రం గాలికి ఎగిరిపోయినట్టు మాయమవుతుంది. ఆ పద్ధతి పేరు ఫుకినుకి యతాయి. 18వ శతాబ్దంలో తోరియామా సెకియెన్ అచ్చువేసిన దయ్యాల బొమ్మల్లో మొకుమొకురెన్ అని ఒకటుంది, పాడుబడ్డ ఇంటి షోజి గళ్ళలో వరసగా కళ్ళు. చిరిగిన కాగితం ఉన్న ఇంట్లో రాత్రి ఒంటరిగా పడుకున్నవాళ్ళకి ఇది కల్పన అనిపించదు. మీ క్లాసులో ఈ రెండూ చూపించండి. పాడుచేయడమంటే నా దృష్టిలో తెలుసుకోకుండా వాడడం. ఎడమ అంచు పైకి రావలసిన కిమోనోకి కుడి అంచు పైకి వేశారనుకోండి, అది చనిపోయినవాళ్ళకి తొడిగే తీరు. చెప్పులతో తతామి మీద నిలబడ్డ మనిషిని వేయడం కూడా అలాంటిదే. వీటిలో కావాలని చేసినదేదో, తెలియక చేసినదేదో చూసేవాళ్ళకి తెలిసిపోతుంది.

ప్రశ్న: నేనెప్పుడూ జపాన్ వెళ్ళలేదు, వెళ్ళే అవకాశమూ లేదు. ఫొటోలు చూసి వేస్తే గది అట్టముక్కలా వస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అట్టముక్కలతోనే కట్టండి. 20కి 1 కొలతలో చాప 4.4×8.8 సెంటీమీటర్లు అవుతుంది. ఆరు ముక్కలు కోసి, నల్ల టేపు అంచులు అతికించి, ‘టీ’ అతుకులుగా పరచండి. మూడు వైపులా గోడలు, ఒక గోడకి అగ్గిపుల్లల చట్రం, దాని వెనక ట్రేసింగ్ పేపర్. పైకప్పు కూడా మూయండి, అది లేకపోతే గదిలో చీకటి పట్టదు. ఇంట్లో లైట్లన్నీ ఆపి, ట్రేసింగ్ పేపర్ వెనక టార్చి పెట్టి, దాని ముందు ఒక చిన్న కొమ్మ నిలబెట్టండి. ఫోన్ కెమెరా కన్ను నేల నుంచి 4 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచి ఫొటో తీయండి. ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుంటే కెమెరా అంత కిందకి వస్తుంది. టార్చిని మెల్లగా కిందకి దించుతూ పది ఫొటోలు తీసి, వాటిలో మీకు భయం వేసిన ఫొటో నాకు పంపండి.