కెమెరాలు మారుతూ వచ్చాయి, ఆ 50 ఎంఎం లెన్స్ మాత్రం అలాగే ఉంది

ఫిల్మ్ కాలం నుంచి సరదాగా ఫొటోలు తీస్తున్నవాళ్లు ఇప్పటిదాకా ఏయే కెమెరాలు వాడారు, డిజిటల్‌కి మారినప్పుడు ఎక్కడ ఇబ్బంది పడ్డారు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డబ్బు దేని మీద పెట్టాలి అని ఒకరు అడిగారు. నాకిది వృత్తి కాదు, నలభై ఏళ్లు దాటినా వదలని అలవాటు. చివరి ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తాను: లెన్స్ మీద పెట్టండి, బాడీలు, అంటే లెన్స్ తీసేస్తే మిగిలే కెమెరాలు, వస్తుంటాయి పోతుంటాయి. ఎందుకంటున్నానో తెలియాలంటే కొంచెం వెనక నుంచి రావాలి.

నా మొదటి కెమెరా మా మేనమామ ఇచ్చిన అగ్ఫా క్లిక్ 3. 120 అనే సైజు రీలు, దానికి 12 ఫొటోలు, అంతే. ఫోకస్ చేసే పనే లేదు, మరీ దగ్గరికి వెళ్లకుండా ఎండలో నిలబెట్టి తీస్తే ఫొటో వచ్చేది. వెనక చిన్న ఎర్ర కిటికీ ఉంటుంది, నాబ్ తిప్పుతుంటే ఫిల్మ్ వెనక కాగితం మీది అంకె నెమ్మదిగా జరుగుతూ వచ్చి ఆ కిటికీ మధ్యలో నిలబడాలి, అప్పుడు ఆపాలి. తిప్పడం మర్చిపోయి మళ్లీ నొక్కితే అడ్డుకునేది ఏదీ లేదు, ఒకే ఫ్రేము మీద రెండు ఫొటోలు పడతాయి. నాకూ పడ్డాయి: మా చెల్లి ముఖం, దాని మీదుగా సైకిల్ చక్రం. ఆ నెగటివ్ ఇంకా ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

1986లో సెకండ్ హ్యాండ్‌లో పెంటాక్స్ కే1000 కొన్నాను. దాంతోపాటు వచ్చిందే ఈ 50 ఎంఎం ఎఫ్2 లెన్స్. ఎంఎం అంకె పెరిగేకొద్దీ లెన్స్ చూపించే వెడల్పు తగ్గుతుంది, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లోపలికి వెలుతురు ఎక్కువ వస్తుంది. ఆ కెమెరాని 1976 నుంచి 1997 దాకా పెద్ద మార్పుల్లేకుండా తయారు చేశారు, అసలు మార్చడానికి అందులో ఏముందని? షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో పెట్టే స్పీడ్ డయల్, లెన్స్ లోపలి రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ని, మార్చే రింగ్, ఫోకస్ రింగ్, వ్యూఫైండర్‌లో ఓ పక్కన వెలుతురు చూపించే ముల్లు. ముల్లు మధ్యకి వస్తే ఎక్స్‌పోజర్, అంటే ఫిల్మ్ మీద పడే వెలుతురు, సరిపోయినట్టు. మీటర్‌కి ఆఫ్ స్విచ్ లేదు, లెన్స్‌కి మూత పెట్టడమే దాన్ని ఆపడం. మూత మర్చిపోతే బ్యాటరీ అయిపోతుంది, అయినా కెమెరా ఆగదు, ఎందుకంటే షట్టర్ మొత్తం స్ప్రింగుల మీదే నడుస్తుంది. అలా బ్యాటరీ అయిపోయినప్పుడే ఎండ లెక్క నేర్చుకున్నాను: నిండు ఎండలో ఎఫ్16 పెట్టి, షట్టర్‌ని ఫిల్మ్ ఐఎస్‌ఓ అంకెకి (ఫిల్మ్ వెలుతురుకి ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకె) దగ్గరగా, అంటే 100 ఫిల్మ్‌కి సెకనులో 1/125 వంతు, పెడితే చాలు. మబ్బు కమ్మితే ఎఫ్8. ఇప్పటికీ కెమెరా చెప్పేది నమ్మాలా వద్దా అని ఈ లెక్కతోనే చూసుకుంటాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కే1000 రావడానికి ముందు ఏడాదే, 1975లో, కొడాక్‌లో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు డిజిటల్ కెమెరా తయారు చేశాడు. 100 బై 100 పిక్సెళ్లు, నలుపు తెలుపు, ఒక్క ఫొటో క్యాసెట్ టేపు మీదకి ఎక్కడానికి 23 సెకన్లు. అంటే నేను కే1000 కొనేనాటికే అది పుట్టి పదకొండేళ్లు, నాకు ఆ ఊసే తెలియదు.

కే1000తో తగిలిన పెద్ద దెబ్బ ఫిల్మ్ ఎక్కించడంలో. కొండల్లో మూడు రోజుల ప్రయాణం, రీలు 36కి అయిపోవాలి, కౌంటర్ చూస్తే 36 దాటేసింది, లివర్ ఇంకా హాయిగా తిరుగుతోంది. గుండె జారిపోయింది. ఫిల్మ్ కొస స్పూల్ గాడిలోంచి ఊడిపోయి, మూడు రోజులూ అంగుళం కూడా కదల్లేదు. అప్పటి నుంచి లివర్ లాగినప్పుడల్లా ఎడమవైపు ఉన్న రివైండ్ నాబ్ కూడా తిరుగుతోందా అని చూస్తాను, తిరిగితే లోపల ఫిల్మ్ నడుస్తున్నట్టు. ఫిల్మ్‌తో మొదలుపెట్టేవాళ్లు ఇంకేం మర్చిపోయినా ఇది మర్చిపోకండి. రీలు ఎక్కించి తలుపు మూశాక ఆ నాబ్‌ని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి లోపలి వదులు తీసేస్తే కదలిక స్పష్టంగా కనిపిస్తుంది.

నలుపు తెలుపు రీళ్లు ఇంట్లోనే కడిగేవాణ్ణి, రాత్రిపూట బాత్రూమ్ తలుపు సందుల్లో తువ్వాళ్లు కుక్కి. సినిమాల్లో చూపించే ఎర్ర లైటు కాగితం మీద ప్రింటు వేసేటప్పుడే పనికొస్తుంది, ఫిల్మ్‌కి అది కూడా ఉండకూడదు, చిమ్మచీకటి కావాలి. ఆ చీకట్లో ఫిల్మ్‌ని వేళ్లతో తడుముకుంటూ, కడిగే ట్యాంక్‌లో పెట్టే స్పైరల్ చక్రం గాడిలోకి ఎక్కించాలి. గట్టిగా వంగితే ఆ చోట నెలవంకలాంటి మచ్చ పడుతుంది, ఒక చుట్టు ఇంకో చుట్టుకి అంటుకుంటే అక్కడ మందు తగలదు, ఆ ఫొటో పోయినట్టే. ట్యాంక్ మూత పడ్డాక లైటు వేసుకోవచ్చు, తర్వాత డీ-76 డెవలపర్, 20 డిగ్రీలు, నిమిషానికోసారి తిరగేయడం, బొమ్మని నిలబెట్టే హైపో, నీళ్లు, ఇదంతా ఎవరికైనా వచ్చేస్తుంది. స్పైరల్ మాత్రం పాడైపోయిన రీలు ఒకటి పక్కన పెట్టుకుని, పట్టపగలు కళ్లు మూసుకుని, ఎన్నోసార్లు ఎక్కించి తీస్తే గానీ నా చేతికి పట్టుబడలేదు.

డిజిటల్ సంగతికొస్తే, 2003లో చిన్న కెమెరా ఒకటి కొన్నాను. బటన్ నొక్కాక ఫొటో పడేలోపు పిల్లలు ఫ్రేములోంచి వెళ్లిపోయేవాళ్లు, దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు. 2007లో కొన్న పెంటాక్స్ కే10డీతోనే నిజంగా మారాను. 10 మెగాపిక్సెళ్లు. అది కొనడానికి కారణం ఒక్కటే, నా పాత లెన్స్ దానికి అడాప్టర్ లేకుండా నేరుగా పడుతుంది. ఆటోఫోకస్ ఉండదనుకోండి. అపర్చర్ రింగ్ వాడుకుంటామని మెనూలో ఒకసారి పెట్టాలి, ఆన్ చేసినప్పుడల్లా లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లని అడుగుతుంది, 50 అని చెప్పి ఓకే నొక్కితే చెయ్యి వణికినా బాడీలోని సెన్సరే (ఫిల్మ్ బదులు వెలుతురు పట్టే చిప్) కదిలి సర్దుకుంటుంది. మాన్యువల్ మోడ్‌లో ఆకుపచ్చ బటన్ నొక్కితే వెలుతురు కొలిచి షట్టర్ స్పీడ్ అదే పెడుతుంది. కొన్న రోజు సాయంత్రం ఆ పాత లెన్స్ తగిలించి మా ఆవిడని కిటికీ దగ్గర కూర్చోబెట్టి తీసిన ఫొటోని ఎన్నిసార్లు చూసుకున్నానో చెప్పలేను. సెన్సర్ ఫిల్మ్ ఫ్రేము కంటే చిన్నది కాబట్టి 50 కాస్తా 75లా ఇరుకుగా చూపించేది, దానికి అలవాటు పడాల్సి వచ్చింది.

అసలు ఇబ్బంది ఎక్స్‌పోజర్‌లో వచ్చింది. నెగటివ్ ఫిల్మ్‌కి వెలుతురు తక్కువైతేనే ప్రమాదం, కాస్త ఎక్కువైతే తట్టుకుంటుంది, అందుకని నీడలు చూసుకుని ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుతురు, ఎక్కువే ఇవ్వడం నాకు అలవాటైపోయింది. డిజిటల్ సరిగ్గా దీనికి ఎదురు. తెల్లటి చోట సెన్సర్ నిండిపోయిందంటే తర్వాత ఎంత తగ్గించినా అక్కడ ఏమీ దొరకదు. మొదటి నెల ఫొటోల్లో తెల్ల చొక్కాలన్నీ మడతా కుట్టూ లేకుండా కత్తిరించిన కాగితంలా వచ్చాయి. కెమెరాదే తప్పనుకున్నాను కూడా. తర్వాత తట్టింది, నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే స్లైడ్ ఫిల్మ్ అచ్చం ఇలాగే ఉండేది కదా అని. అంతే, డిజిటల్‌ని స్లైడ్ అనుకుని తీయడం మొదలుపెట్టాక కుదిరింది: వెలుతురు మరీ ఎక్కువైందని తెర మీద మిణుకుమిణుకుమనే చోట్లు చూసి ఎక్స్‌పోజర్ తగ్గించడం, రా ఫైల్‌గా, అంటే కెమెరా దిద్దని ముడి ఫైల్‌గా, తీసి నీడల్ని తర్వాత కంప్యూటర్‌లో పైకి తేవడం. ఫిల్మ్ నుంచి వచ్చే ఎవరికైనా ముందు ఇదే చెప్తాను.

వచ్చిన లాభం కూడా అక్కడే ఉంది. ఫిల్మ్‌లో చేసిన తప్పు రీలు పూర్తయి, కడిగించాక, ఒక్కోసారి నెల తర్వాత తెలిసేది, అప్పటికి ఏ అపర్చర్ పెట్టానో గుర్తుండేది కాదు, చిన్న నోటుబుక్ జేబులో పెట్టుకుని రాసుకునేవాణ్ణి. డిజిటల్‌లో ఆ వివరాలన్నీ ఫైల్‌లోనే ఉంటాయి, తప్పు చేసిన చోటే నిలబడి దిద్దుకోవచ్చు. నేను ఫిల్మ్‌తో పదేళ్లలో నేర్చుకున్నది ఈ కాలం పిల్లలు ఏడాదిలో నేర్చుకుంటున్నారంటే నాకు సంతోషమే.

కానీ 2011లో హార్డ్ డిస్క్ ఒకటి పోయింది. రెండేళ్ల ఫొటోలు, అందులో మా నాన్నగారి చివరి ఫొటోలున్నాయి. వాటికి ఇంకో కాపీ లేదు. క్లిక్ 3తో తీసిన నెగటివ్‌లేమో ఏ ప్రత్యేక జాగ్రత్తా లేకుండా బిస్కెట్ డబ్బాలో భద్రంగా ఉన్నాయి. అప్పటి నుంచి ప్రతి ఫొటోకి మూడు కాపీలు, అందులో ఒకటి ఇంట్లో కాకుండా వేరే చోట. కెమెరా కొనే డబ్బులోంచి రెండు డిస్కులకి ముందే పక్కన పెట్టండి, దయచేసి.

2016లో పెంటాక్స్ కే-1 వచ్చింది, 36 మెగాపిక్సెళ్లు, సెన్సర్ ఫిల్మ్ ఫ్రేమంత. ఆ మరుసటి ఏడాది కొన్నాను. ఆ 50 లెన్స్‌ని దానికి తగిలించి చూస్తే మళ్లీ 1986లో చూసినంత వెడల్పు. ఇప్పుడు దీనికే చిన్న వస్తువుల్ని దగ్గర నుంచి తీసే మాక్రో లెన్స్ పెట్టి, లైట్ ప్యాడ్ మీద పాత నెగటివ్‌లు పరిచి ఒక్కొక్కటే స్కాన్ చేస్తున్నాను. క్లిక్ 3 నెగటివ్, కే1000లో వాడిన 35 ఎంఎం ఫిల్మ్ నెగటివ్‌కి దాదాపు మూడున్నర రెట్లు ఉంటుంది, ఆ సాదా లెన్స్‌తో కూడా ఎంత పట్టిందో చూస్తే ఆశ్చర్యం. మొన్న చెల్లి, సైకిల్ చక్రం ఉన్నది చేశాను. చిన్న ప్రింటులో ఎప్పుడూ కనబడలేదు గానీ, చక్రం హబ్ మెరుపులో చేతిలో డబ్బా పట్టుకుని వంగి నిలబడిన చిన్న నీడ ఒకటుంది. నేనే. చెల్లికి పంపిస్తే సైకిల్ ఎవరిదో చెప్పింది, నేను మర్చిపోయాను.

మీరు కొనేటప్పుడు బాడీ పాతదైనా పరవాలేదు, లెన్స్‌ని మాత్రం వెలుతురుకి పట్టి చూసి, లోపల సాలెగూడులాంటి ఫంగస్ లేదని తేల్చుకుని, 35 ఎంఎం లెన్స్ గానీ 50 ఎంఎం లెన్స్ గానీ ఒకటి తీసుకుని ఏడాది దాంతోనే తీయండి. ఏ మౌంట్ (లెన్స్‌ని బాడీకి తగిలించే అమరిక, కంపెనీని బట్టి మారుతుంది) అన్నది ఇంకా తేల్చుకోకపోతే, ఇంట్లో ఎవరి దగ్గరైనా పాత లెన్స్‌లున్నాయేమో ముందు అడగండి.