ఎక్‌డిస్టెరాన్‌తో కండ పెరుగుతుందా? పట్టుపురుగుల షెడ్డులో పెరిగిన నా జవాబు

"మొక్కల నుంచి తీసిన స్టెరాయిడే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవని జిమ్‌లో ఎక్‌డిస్టెరాన్ వాడమంటున్నారు, నిజంగా కండ వస్తుందా?" అని అడిగారు. బయట డబ్బాల్లో అమ్మేదానితో రాదు. ఆ డబ్బుకి గుడ్లు కొనుక్కోండి.

మాది హిందూపురం వైపు. ఈ పదార్థం జిమ్‌లకు రాకముందే మా షెడ్డులో ఉంది. పట్టుపురుగులు పండే రోజు, అంటే మేత మానేసి గూడు కట్టడానికి సిద్ధమయ్యే రోజు వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. అన్నీ ఒకేసారి పండవు. కొన్ని తలెత్తి గూడు కట్టే చోటు వెతుక్కుంటుంటే, పక్కవి ఇంకా ఆకు తింటూనే ఉంటాయి. పండినవాటిని ఏరి చంద్రికల (పురుగులు గూళ్లు కట్టుకునే తట్టల) మీద వేయడానికి మనుషులు కావాలి, సరిగ్గా అప్పుడే కూలీలు దొరకరు. అందుకని నాన్న 'సంపూర్ణ' మందు నీళ్లలో కలిపి మల్బరీ ఆకు మీద చల్లి మేపేవాడు. మైసూరు పట్టు పరిశోధన సంస్థ తెచ్చిన మందు అది, అందులో ఉండేది మొక్కల నుంచి తీసిన ఎక్‌డిస్టెరాయిడే, అంటే ఎక్‌డిస్టెరాన్ కుటుంబపు పదార్థమే. మర్నాటికల్లా వాన కురిసినట్టుండే ఆ నమిలే చప్పుడు తగ్గిపోయేది. పురుగుల ఒళ్లు తేనెరంగుకి తిరిగి, వెలుతురుకి పెడితే లోపల కనిపించేంత పలచబడేది. దాదాపు అన్నీ ఒకేసారి చంద్రికలెక్కేవి.

పురుగు కుబుసం విడవాలన్నా, గూడు కట్టే దశకు రావాలన్నా ఈ హార్మోనే ఆధారం. 1954లో జర్మనీలో బ్యూటెనాంట్, కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్తలు 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల (గూటి లోపలి పురుగుల) నుంచి దీని దగ్గరి చుట్టం ఎక్‌డైసోన్‌ని రాబట్టింది 25 మిల్లీగ్రాములు. మొక్కలేమో తమను తినే పురుగులను దెబ్బతీయడానికి ఎక్‌డిస్టెరాన్‌ని తయారు చేసుకుంటాయి. పాలకూరలో ఉంది, చవితి పత్రిలో పెట్టే ఉత్తరేణిలోనూ ఉంది.

పురుగు కణాల్లో దీన్ని అందుకునే రిసెప్టర్ (హార్మోన్ వచ్చి అతుక్కునే చోటు) ఉంది, మనకు లేదు. టెస్టోస్టెరాన్ రిసెప్టర్‌కి కూడా ఇది అతుక్కోదు. 2008లో అమెరికాలో ఎలుక కండకణాల మీద వేసి చూస్తే ప్రొటీన్ తయారీ 20 శాతం దాకా పెరిగింది, నిజమే. కానీ ల్యాబ్ గిన్నెలో కణాలు వేరు, అన్నం తిని అరిగించుకునే మనిషి వేరు. 2006లో వ్యాయామం చేసే మగవాళ్లకు ఇచ్చి చూస్తే ఏ తేడా రాలేదు. 2019లో బెర్లిన్ వాళ్లు 10 వారాలిచ్చి కండ పెరిగిందన్నారు. అదే పరిశోధనలో క్యాప్సూల్‌ని పరీక్షిస్తే, లేబుల్ మీద 100 మిల్లీగ్రాములు, లోపల 6. అంత చిన్న మోతాదుకి కండ పెరిగిందంటే నేను నమ్మను.

నాకు ఒళ్లు మండేది ఈ లేబుళ్ల విషయంలోనే. మా గూళ్లు మార్కెట్‌కి తీసుకెళ్తే చేత్తో నొక్కి, పట్టు ఎంతొస్తుందో చూసి, చిన్న మచ్చకి కూడా రేటు కోస్తారు. వేలకు వేలు పోసి కొనే డబ్బాలో ఏముందో చూసే నాథుడు లేడు. మా పిన్ని కొడుక్కి ట్రైనరే కమీషన్ కోసం అంటగట్టాడు. నెలజీతంలో పెద్ద ముక్క దానికే పోయింది.

మీరు పోటీలకు వెళ్లేవారైతే ఇంకో సంగతి. క్రీడల్లో డోపింగ్‌ని అరికట్టే ప్రపంచ సంస్థ 'వాడా' (WADA) 2020లో దీన్ని తన పరిశీలన జాబితాలో పెట్టింది. నిషేధం కాదు, కానీ ఆటగాళ్ల శాంపిళ్లలో దీని కోసం వెతుకుతున్నారు.