చండీగఢ్ రాక్ గార్డెన్‌ను శిల్పవిద్య నేర్వని ఒక ఉద్యోగి రహస్యంగా కట్టారన్నది నిజమేనా?

నిజమే. ఆయన పేరు నేక్‌చంద్. దేశవిభజనలో సొంత ఊరు కోల్పోయి వచ్చి, చండీగఢ్‌లో రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరారు. కొత్త నగరం కోసం కూల్చిన పాత ఊళ్ల శిథిలాలు, పగిలిన పింగాణీ, శివాలిక్ కొండల రాళ్లు సైకిల్ మీద మోసుకొచ్చి, సుఖ్నా సరస్సు దగ్గరి అడవిలో చేర్చేవారు. అది ఎవరూ ఏమీ కట్టకూడని ప్రభుత్వ భూమి. అందుకే పగలు ఉద్యోగం, రాత్రి శిల్పం. దాదాపు 18 ఏళ్లు అలాగే గడిచాయి!

అక్కడ వరుసగా నిలబడ్డ ఆడబొమ్మలను దగ్గరగా చూడాలి. ఒంటి మీద చీరలా మెరిసేవి సిమెంటులో ఒక్కొక్కటిగా పొదిగిన విరిగిన గాజుముక్కలు. ఎవరి చేతికో ఉండి పగిలిన గాజులవి. నాకు ఆ తోటలో అన్నిటికన్నా అపురూపం ఇవే.

విషయం బయటపడ్డాక అధికారులు తోటను కూల్చేయగలిగేవారే. కానీ 1976లో ప్రజలకు తెరిచి, ఆయనకు జీతమూ పనివాళ్లనూ ఇచ్చారు. 1984లో పద్మశ్రీ వచ్చింది. 2015లో కన్నుమూశారు. వెళ్తే తల జాగ్రత్త: లోపలి ద్వారాలు చాలా పొట్టివి, వంగి దాటాలి.