బాబుకి ప్రైమరీ ఇమ్యూన్ డెఫిషియెన్సీ (పుట్టుకతో వచ్చే రోగనిరోధక శక్తి లోపం) కావచ్చన్నారు, విశాఖలో ఉంటూ వైద్యం నడుస్తుందా?

ఏడాదిన్నర బాబుకి రెండుసార్లు న్యుమోనియా వచ్చిందనీ, చెవిలో చీము ఆగడం లేదనీ, రక్తంలో ఐజీజీ (క్రిములతో పోరాడే ముఖ్యమైన యాంటీబాడీ) బాగా తక్కువ ఉందనీ రాశారు. విశాఖలోనే ఉంటూ వైద్యం కుదురుతుందా, ఖర్చు తట్టుకోగలమా, బాబు బడికి వెళ్ళగలడా అని అడిగారు. మాది గాజువాక. మా బాబుకీ ఇలాంటి జబ్బే, ఒంట్లో యాంటీబాడీలు దాదాపు తయారు కావు, ఎక్స్‌ఎల్‌ఏ అంటారు. వాడిప్పుడు హైస్కూల్లో ఉన్నాడు, సాయంత్రమైతే బ్యాటు పట్టుకుని వీధిలోకి పోతాడు. మీ టెన్షన్ నాకు తెలుసు కాబట్టి ఈ మాట ముందు చెబుతున్నాను.

జబ్బేమిటో తేలేదాకా బాబుకి పోలియో చుక్కలు, రోటా చుక్కలు, ఎంఆర్ టీకా లాంటివి డాక్టర్ని అడక్కుండా వేయించకండి. వీటిలో బలహీనపరిచిన సజీవ క్రిములుంటాయి. మామూలు పిల్లలకి అవి రక్షణే. యాంటీబాడీలు తయారు కాని పిల్లల పేగుల్లో మాత్రం ఆ పోలియో వైరస్ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది, పక్షవాతం కూడా రావచ్చు. ఇంట్లో ఇంకో చంటిబిడ్డ ఉంటే ఆ బిడ్డకీ చుక్కల బదులు ఇంజెక్షన్ పోలియో టీకాయే మంచిది. పల్స్ పోలియో రోజున ఆశా కార్యకర్త ఇంటికొస్తుంది, వద్దంటే చుట్టుపక్కలవాళ్ళూ తప్పు పడతారు. డాక్టరు చేత తెలుగులో ఒక చీటీ రాయించి దగ్గర పెట్టుకోండి. మా ఏఎన్ఎం అది చదివాక, ఇంకెవరూ అడక్కుండా తన రిజిస్టర్లోనే రాసుకుంది. బీసీజీ పుట్టగానే వేసే ఉంటారు. ఆ చేతివైపు చంకలో గడ్డ కడితే వెంటనే చూపించండి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ కోవలో 450కి పైగా జబ్బులున్నాయి. మీ బాబుది వాటిలో ఏదో తెలిస్తేనే వైద్యం, ఖర్చు, రేపటి బిడ్డల సంగతి అన్నీ తేలతాయి. సిడ్ (రోగనిరోధక వ్యవస్థ దాదాపు పనిచేయని జబ్బు) లాంటి తీవ్రమైన జబ్బయితే ఎముక మజ్జ మార్పిడి తొందరగా చేయాలి, ఒక్కో నెలా విలువైనదే. ఎక్స్‌ఎల్‌ఏ అయితే జీవితాంతం ఐజీజీ ఎక్కించుకుంటే చాలావరకు మామూలుగా బతకొచ్చు. మొదటి ఆధారం రక్తకణాలు లెక్కపెట్టే మామూలు సీబీసీ పరీక్షలోనే దొరుకుతుంది. లింఫోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాల) మొత్తం సంఖ్య వయసుకి తగ్గట్టు ఉందా అని అడగండి. ఏడాదిలోపు బిడ్డకి మైక్రోలీటరు రక్తంలో సుమారు 3,000 కంటే తక్కువుంటే సిడ్ అనుమానించాలి. మీ బాబు పాత సీబీసీలు కూడా తీసి చూపించండి. సిడ్ అనుమానం ఉన్నప్పుడు రక్తం ఎక్కించాల్సివస్తే రేడియేషన్ ఇచ్చిన రక్తమే కావాలని గట్టిగా చెప్పండి.

ఆ తర్వాత యాంటీబాడీ రకాలైన ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం, లింఫోసైట్లను రకాలవారీగా లెక్కపెట్టే లింఫోసైట్ సబ్‌సెట్లు, చివరికి జీన్ టెస్టు. ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన ఐజీజీ మందు) ఎక్కించకముందే రక్తం తీయించండి. ఎక్కించాక తీస్తే రిపోర్టులో కనబడేది దాతల ఐజీజీ. మా బాబు విషయంలో ఒక ఆసుపత్రిలో ముందు మందు ఎక్కించి, తర్వాత రక్తం తీశారు. ఐజీజీ బాగానే ఉందని రిపోర్టొచ్చింది, జబ్బు లేదేమో అనుకుని నెలలు పోగొట్టుకున్నాం. చివరికి యాంటీబాడీలు తయారుచేసే సీడీ19 కణాలు దాదాపు లేవని తేలాకే దారి దొరికింది. ఈ సబ్‌సెట్ల శాంపిల్ నిలవ ఉంటే పాడవుతుంది, ఒకటి రెండు రోజుల్లో ల్యాబ్‌కి చేరాలి. కొరియర్లో వేరే ఊరు పంపేట్టయితే శనివారం ఇవ్వకండి.

ఎక్స్‌ఎల్‌ఏని 1952లో ఓగ్డెన్ బ్రూటన్ అనే అమెరికా సైనిక వైద్యుడు మొదట గుర్తించాడు. మాటిమాటికీ జబ్బుపడే ఎనిమిదేళ్ళ పిల్లవాడి రక్తంలో గామా గ్లోబ్యులిన్ (యాంటీబాడీలుండే ప్రోటీన్) లేదని చూసి, దాన్నే ఇంజెక్షన్లుగా ఇచ్చాడు. దీనికి కారణమైన బీటీకే జీన్ 1993లో దొరికింది. ఈనాటికీ మా వాడికి నడిచేది ఆ వైద్యమే. కిలోకి 400 నుంచి 600 మిల్లీగ్రాముల లెక్కన, మూడు నాలుగు వారాలకోసారి. పది కిలోల పిల్లవాడికి 5 గ్రాముల సీసా ఒకటి సరిపోతుంది, బరువు పెరిగేకొద్దీ సీసాలూ పెరుగుతాయి. దీనికి హైదరాబాద్ పరిగెత్తనక్కర్లేదు. ఇమ్యునాలజిస్టు రాసిచ్చిన కాగితం ఉంటే విశాఖలో మీ పిల్లల డాక్టరే డే కేర్‌లో ఎక్కిస్తారు. డ్రిప్పు మెల్లగా మొదలుపెట్టమనండి, తొందరపడితే చలి, జ్వరం, తలనొప్పి వస్తాయి. సీసా మీది బ్యాచ్ నంబరు స్టిక్కర్ని ప్రతిసారీ ఒక నోట్‌బుక్‌లో అంటించండి. ఒంట్లో బాగుంది కదా అని ఒక్క డోసు కూడా వాయిదా వేయకండి. బాగున్నది ఆ మందు వల్లే, అది మూడు నాలుగు వారాల్లో సగానికి తగ్గిపోతుంది.

వానాకాలం మన ఊళ్ళో జ్వరం రాగానే వైడాల్, డెంగీ ఐజీఎం రాసేస్తారు. అవి యాంటీబాడీల కోసం చూసే పరీక్షలు, యాంటీబాడీలే లేని పిల్లాడికి వాటిని నమ్మడానికి లేదు. డెంగీకి ఎన్ఎస్1, టైఫాయిడ్‌కి బ్లడ్ కల్చర్ అడగండి. ఈ మాట నేను ఫైలు మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసి పెట్టాను, రాత్రిపూట ఎమర్జెన్సీలో ఉండే కుర్ర డాక్టర్లకి అది బాగా పనికొస్తుంది. ఇమ్యూనిటీ పెంచే పొడులూ కషాయాల మీద మాత్రం డబ్బు పెట్టకండి. చెడిన జీన్‌ని అవి బాగుచేయలేవు.

ఖర్చు బరువే, కాదనను. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన అరుదైన జబ్బుల విధానంలో ఈ కోవ జబ్బులు కొన్ని ఉన్నాయి. గుర్తించిన కేంద్రాల ద్వారా 50 లక్షల దాకా సాయం ఉంది, మనకి దగ్గర్లో హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఆ కేంద్రం నడుపుతున్నాయి. అందుకే జీన్ రిపోర్టు చేతిలో ఉండటం ముఖ్యం. పరిశోధన ఎక్కువగా జరిగేది చండీగఢ్ పీజీఐ, ముంబైలో ఐసీఎంఆర్ వారి ఎన్ఐఐహెచ్‌లో. ఇలాంటి కుటుంబాలవాళ్ళు కలిసి నడిపే ఇండియన్ పేషెంట్స్ సొసైటీ ఫర్ ప్రైమరీ ఇమ్యునోడెఫిషియెన్సీ కూడా ఉంది, తప్పకుండా చేరండి. మందు దొరకనప్పుడు ఎవరిని అడగాలో మాకు చెప్పింది సాటి తల్లిదండ్రులే.

బడికి పంపండి. టీచరుకి చెప్పండి, కాచి చల్లార్చిన నీళ్ళు ఇచ్చి పంపండి, ఇంట్లో అందరూ ఏటా ఫ్లూ ఇంజెక్షన్ వేయించుకోండి.

ఇంకొకటి. మీ అమ్మగారి వైపు మగపిల్లలు చిన్నప్పుడే పోయారా అని కనుక్కోండి. మా మేనమామ నాలుగేళ్ళకే జ్వరంతో పోయాడు. ఇంట్లో ఎవరూ ఎత్తని ఆ సంగతి డాక్టరు అడిగితే బయటికొచ్చింది. ఎక్స్‌ఎల్‌ఏ తల్లి నుంచి కొడుక్కి రావచ్చు. అది తెలిశాక అత్తవారింట్లో నన్నన్న మాటలు ఇక్కడ రాయను. మిమ్మల్నెవరైనా అంటే, ఇందులో ఆడదాని తప్పేమీ లేదని డాక్టరు చేతే చెప్పించండి. మీ బాబుదీ ఎక్స్‌ఎల్‌ఏ అని తేలితే, పెళ్ళయిన మీ అక్కచెల్లెళ్ళకి పరీక్ష గురించి చెప్పండి. మా చెల్లి కడుపుతో ఉన్నప్పుడే చేయించుకుంది. దాని కొడుక్కి పుట్టిన వారంలోనే సీడీ19 చూశారు, ఒక్క న్యుమోనియా కూడా రాకముందే మందు మొదలైంది.