రెండు నేర్పులూ ఒకటేనా?

సందేహం: సార్, నేను కడపలో ఒక ఫైనాన్స్ ఆఫీసులో పనిచేస్తా. రిటైర్ కాబోతున్న మా సీనియర్‌ని లెక్కలు ఎట్ల టాలీ చేస్తారో చెప్పన్నా అంటే "నా నేర్పు నేనెవరికీ నేర్పను" అన్నాడు. ఈ రెండు నేర్పులూ ఒకటేనా? మా హెడ్డాఫీసు సర్క్యులర్‌లో "జ్ఞాన నిర్వహణ, నైపుణ్య బదిలీలో నైతికత" అని ఉంది, అది సరైన తెలుగేనా?

సమాధానం: ఆయన అన్నదానికి బాధేసింది నాయనా, కానీ మాట మాత్రం మంచి మాట దొరికింది. వ్యాకరణం ప్రకారం రెండూ వేరు. తలచు తలపు, గెలుచు గెలుపు అయినట్టు వచ్చింది మొదటి నేర్పు, నామవాచకం. నడుచు నడుపు, నిలుచు నిలుపు అయినట్టు వచ్చింది రెండోది, ఎదుటోళ్ళచేత చేయించే క్రియ. రెండిటికీ తల్లి నేర్చు. ఆ తల్లి సంగతి చూడండి, పాత తెలుగులో నేర్చు అంటే పాఠం చదువుకోవడం ఒక్కటే కాదు, చేతనవడం. "చెప్పనేర్తును" అంటే చెప్పగలను, "చెప్పనేరను" అంటే చెప్పలేను, నేరమి అంటే చేతకానితనం. అంటే నేర్పడమంటే ఎదుటోడికి చేతనయ్యేట్టు చేయడం. ఫైలు వాట్సాప్‌లో పడేసి షేర్ చేశా కదా అనేది నేర్పడం కాదు. ఈపక్క బండల పాలిష్ మేస్త్రి కొత్తగా వచ్చిన పిల్లోడి చేతిమీద చెయ్యేసి మిషన్ ఎట్ల పట్టాల్నో చూపిస్తాడే, అదీ నేర్పడం.

ఇంక ఆ "బదిలీ" చూస్తే నాకు చానా కోపం. కడప నుంచి కర్నూలుకి బదిలీ అయిన గుమాస్తా మళ్ళా కడప సీట్లో ఉండడు. నేర్పు అట్ల పోతుందా? నేర్పినోడి దగ్గరా ఉంటుంది, నేర్చినోడి దగ్గరా ఉంటుంది. బదిలీ అని రాస్తే, చెప్తే నా దగ్గర ఏం మిగలదు అని ముసలోళ్ళు భయపడరా మరి.

మన కడపలోనే బ్రౌన్ దొర తన బంగళాలో పండితుల్ని పెట్టుకొని, సొంత డబ్బుతో జీతాలిచ్చి, తాళపత్రాలు ఒకదానితో ఒకటి పోల్చి శుద్ధప్రతులు రాయించినాడు. వేమన పద్యాలు 1829లో అచ్చేసినాడు. పోగేసిన ప్రతులు ఇంట్లో దాచుకోకుండా చెన్నపట్నంలో నలుగురికీ అందేట్టు ఇచ్చినాడు, అవే ఇప్పుడు అక్కడి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి.

అట్లని అన్నీ చెప్పేయమని కాదు. కస్టమర్ అప్పు వివరాలు, పాస్‌వర్డులు బయటపెట్టకపోవడం గుట్టు, అది ఎదుటోళ్ళ కోసం. పని తెలిసీ చెప్పకపోవడం దాపరికం, అది తన కోసం. రెండూ కలిపి "గోప్యత" అనేస్తున్నారు ఈకాలం వాళ్ళు, తప్పు.

"నైతికత" తప్పనను గానీ నీతి అంటే సరిపోతుంది. "జ్ఞాన నిర్వహణ" మాత్రం నాకు రుచించదు, పైవాళ్ళు పట్టుబడితే ఉండనీండి. "బదిలీ" కొట్టేసి "పని నేర్పడం" అని రాయండి, పని నేర్చుకుంటూ మీరు రాసుకునే నోట్సులో ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ళ పేరు కూడా రాయండి, మీ సీనియర్‌కి ఆ కాగితం ఒకసారి చూపించండి.