సహాయమా, సాహాయ్యమా?

సందేహం: మా ప్రోగ్రాముకు రెండు అడ్డగీతలు పెట్టి ‘హెల్ప్’ అని కొడితే వచ్చే వివరణను తెలుగు చేస్తున్నాను. ‘ఈ సహాయమును ప్రదర్శించి నిష్క్రమించు’ అని రాశాను. ‘సాహాయ్యము’ అనాలని నాన్నగారు అంటున్నారు. ఏది సరి?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

సమాధానం: మీ నాన్నగారు సంస్కృతం చదువుకున్నవారై ఉండాలి. ‘సహ’ అంటే కూడా, ‘అయ’ అంటే నడిచే. కూడా నడిచేవాడు సహాయుడు. అమరకోశం రాసిన అమరసింహుడు అతణ్ణి అనుచరుడి పక్కనే కూర్చోబెట్టాడు. సహాయుడు చేసే పని సాహాయ్యం. అయితే తెలుగులో మనిషి పేరు పనికి ఏనాడో దక్కింది. మీ ఊళ్లో కన్నడ బోర్డుల మీది ‘సహాయవాణి’ (హెల్ప్‌లైన్)దీ అదే దారి. ‘సాయం’ అన్నా చాలు, ఒంటరిగా రాస్తే సాయంకాలం తొంగిచూస్తుంది, అంతే.

అసలు సహాయం అడగడం పోతన గారి ఏనుగును చూసి నేర్చుకోవాలి. ‘లా వొక్కింతయు లేదు’ పద్యంలో సహాయమూ లేదు, సాహాయ్యమూ లేదు. చివర ‘రావే ఈశ్వర, కావవే వరద’ అన్నాడు. ముందు రావాలి, తరువాత కావాలి! ఆ ‘రావే’లో సహాయ శబ్దం వ్యుత్పత్తి అంతా ఉంది. ఇక వచ్చినవాడో, సిరికిం జెప్పడు. శంఖచక్రాలు పట్టడు, పరివారాన్ని పిలవడు, చెదరిన జుట్టయినా సర్దుకోడు. ఉచిత సాఫ్ట్‌వేర్ రాసే గ్నూ వారి నియమం కూడా ఇదేనని మా మేనల్లుడు చెబితే ముచ్చటపడ్డాను. ఆ రెండు గీతల ‘హెల్ప్’ కనబడగానే ప్రోగ్రాము తక్కిన ఆదేశాలన్నీ పక్కన పెట్టి, తన మామూలు పని మాని, వివరణ చూపి ముగియాలట. దానికి పొట్టి రూపమనుకునే ఒంటి గీత ‘హెచ్’ను మాత్రం అన్ని చోట్లా నమ్మరాదు. డిస్కులో ఖాళీ ఎంతో చెప్పే ‘డీఎఫ్’ ఆదేశం దగ్గర దాని అర్థం, డిస్కు లెక్కలు మనిషి చదవగలిగేట్లు చూపమని.

నా కోపమంతా మీ క్రియల మీద. ‘ప్రదర్శించడానికి’ ఇదేమైనా సర్కసా? ‘నిష్క్రమించు’ అంటే చదివేవాణ్ణి బయటికి పొమ్మన్నట్టుంది. నాటకంలో పాత్రలు నిష్క్రమిస్తాయి. ఆజ్ఞాపించడం మాని జరిగేది చెప్పండి: ‘ఈ వివరణ చూపి ముగుస్తుంది.’ ఆ వివరణ మొదట్లో వచ్చే ‘యూసేజ్’కు ‘వాడుక’ చాలు.

‘సహాయం’ తప్పని నేననను. నాన్నగారు పట్టుబడితే సాహాయ్యమే ఉంచండి, ఆ యవత్తు మీరు ఆదేశాలు కొట్టే టెర్మినల్లో చెదరకుండా నిలిస్తే.