అత్తరియా స్థలానికి ఇప్పుడే బయానా ఇవ్వవద్దు

ప్రశ్న: మాది నేపాల్‌లోని అఛాం జిల్లా. నాన్న పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో హోటల్ వంటమాస్టరు. వయసు 38, జీతం 34,000. అమ్మ రెండు ఇళ్లలో పనిచేసి 9,000 తెస్తుంది. దాచుకున్నది 5,60,000. కైలాలీ జిల్లా అత్తరియాలో పది ధూర్ల (ధూర్ అక్కడి భూమి కొలత) స్థలం 24 లక్షల నేపాలీ రూపాయలకు వస్తోందని మామయ్య చెప్పాడు. దశైం పండుగలోపు మూడు లక్షలు బయానా ఇవ్వాలట. చీటీ పాడితే నాలుగు లక్షలు, నాన్న పీఎఫ్ నుంచి 1,20,000 వస్తాయి. మిగిలిన 4,20,000 ఊళ్లో సాహు (వడ్డీ వ్యాపారి) దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తీసుకుంటాం. మాకు ఎన్‌ఆర్‌ఎన్ (ప్రవాస నేపాలీ) నిబంధనలు వర్తిస్తాయా? (నాన్న తరఫున, ఇంటర్ చదువుతున్న కూతురు)

జవాబు: మీరు అడిగిన ప్రశ్నకు జవాబు చిన్నది. నేపాల్ చట్టం ప్రకారం భారత్‌తో సహా సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాలలో ఉంటున్నవారు ఎన్‌ఆర్‌ఎన్ లెక్కలోకి రారు. మీ నాన్నగారికి నేపాలీ పౌరసత్వ పత్రం ఉన్నందున అక్కడి ఏ పౌరుడిలాగానైనా ఆయన స్థలం కొనుక్కోవచ్చు. పేరు ఎవరిది పెట్టాలన్నది ఇంకా తేలకపోతే అమ్మగారి పేరిట పెట్టండి, మహిళలకు రిజిస్ట్రేషన్ రుసుములో రాయితీ ఉంది. "ప్రస్తుతానికి" అంటూ మామయ్య పేరిట మాత్రం వద్దు.

ఈ ఉత్తరాన్ని నేను ఎంచుకున్నది మీరు అడగని విషయం కోసం. రెండేళ్ల క్రితం మరిగే నూనె పడి నాన్నగారి చెయ్యి కాలిందనీ, నలభై రోజులు జీతం లేకుండా ఇంట్లో ఉన్నారనీ, ఆసుపత్రికి 38,000 పక్కింటివారి దగ్గర చేబదులు తెచ్చారనీ ఒక వాక్యంలో రాసి, వెంటనే స్థలం కొలతల్లోకి వెళ్లిపోయారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఆ నలభై రోజులు నేర్పిన పాఠం కోసం ఈ ప్రణాళికలో ఒక్క రూపాయి కూడా కేటాయించలేదు. జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవారు రాసే ఉత్తరాలలోనూ ఇదే వరుస కనబడుతుంది: ముందు ఊళ్లో స్థలం, తర్వాత ఇల్లు, ఆ తర్వాత పెళ్లిళ్లు, వీలుంటే అప్పుడు బీమా.

పైగా మీ పరిస్థితి గల్ఫ్ వెళ్లిన నేపాలీల కంటే బలహీనమైనది. అక్కడికి వెళ్లేవారికి నేపాల్ ప్రభుత్వం విదేశాల్లో పనిచేయడానికి శ్రమ అనుమతి ఇస్తుంది, దానితోపాటు తప్పనిసరి జీవిత బీమా ఉంటుంది, ప్రమాదం జరిగితే సంక్షేమ నిధి ఆదుకుంటుంది. భారత్, నేపాల్‌ల మధ్య ఉన్న 1950 ఒప్పందం పుణ్యాన భారతదేశానికి వచ్చేవారికి అనుమతి అక్కరలేదు కాబట్టి ఆ బీమా, ఆ నిధి కూడా వారికి లేవు. జీతం 21,000 దాటినందున ఈఎస్ఐ పరిధిలో కూడా మీరు లేరు. ఇప్పుడు నాన్నగారి మీద ఉన్న ఒకే ఒక్క జీవిత బీమా పీఎఫ్‌తో ముడిపడిన ఈడీఎల్‌ఐ, అదీ గరిష్ఠంగా ఏడు లక్షలు. ఆ బీమా మొత్తాన్ని లెక్కగట్టేటప్పుడు ఖాతాలోని నిల్వను కూడా చూస్తారు. అందువల్ల ఆ 1,20,000 కదపకండి, నామినీగా అమ్మగారి పేరు ఉందో లేదో ఈ వారమే చూడండి.

ఇక సాహు అప్పు. అఛాంలో "సయకడా తీన్" అన్నా ఇక్కడ మూడు రూపాయల వడ్డీ అన్నా ఏడాదికి 36 శాతమే. 4,20,000 మీద నెలకు 12,600 వడ్డీ కట్టాలి, మూడేళ్లు కడితే వడ్డీయే 4,53,600 అవుతుంది, అసలు అసలుగానే ఉంటుంది. చీటీ వాయిదా 18,000 అని రాశారు. ఈ రెండూ, 7,000 అద్దె పోతే 43,000లో మిగిలేది 5,400. ఇద్దరు పిల్లల ఫీజులు, తిండి, ఊళ్లో నాయనమ్మ మందులు అందులోనే జరగాలి. ఇది జరిగే పని కాదు. ఇలాంటి "మీటర్ బ్యాజ్" (మీటరులా తిరిగే అధిక వడ్డీ) అప్పుల్లో భూములు పోగొట్టుకున్న నేపాల్‌లోని మధేశ్ ప్రాంతపు రైతులు 2023లో కాఠ్మాండూ దాకా కాలినడకన వెళ్లారు, ఆ ఏడాదే అటువంటి వడ్డీ వ్యాపారాన్ని నేపాల్ నేరంగా ప్రకటించింది. అంతా తెలిసి కూడా ఇంకా అదే గడప తొక్కుతామనడం నాకు బాధ కలిగిస్తోంది. స్థలం కోసం ఇంటిల్లిపాదినీ తాకట్టు పెట్టవద్దు.

చేయవలసింది ఇది. మీ ఇంటి ఖర్చు 25,000, చీటీ 18,000, కలిపి నెలకు 43,000. ఆరు నెలలకు 2,58,000 అవుతుంది కనుక 2,60,000 పక్కన పెట్టి, కొంత పొదుపు ఖాతాలో, మిగిలినది నాన్నగారు, అమ్మగారు ఇద్దరి పేర్లతో చిన్న చిన్న ఫిక్సెడ్ డిపాజిట్లుగా వేయండి. 2020 లాక్‌డౌన్‌లో అయిదు నెలలు హోటల్ మూతపడిందని మీరే రాశారు. ఆ రోజుల్లో ఇంటికి చేరలేక దార్చులా దగ్గర సరిహద్దులోని మహాకాళి నదిని ఈదిన నేపాలీల సంగతి మీ ఇంట్లో అందరికీ గుర్తుండే ఉంటుంది. ఈ సొమ్ము అలాంటి రోజు కోసమే. స్థలం ధర ఎంత తగ్గినా దీన్ని ముట్టుకోకూడదు.

తర్వాత నాన్నగారి పేరిట 50 లక్షల టర్మ్ పాలసీ, ప్రమాద బీమా, నలుగురికీ కలిపి అయిదు లక్షల ఆరోగ్య బీమా. వీటన్నిటికీ ఏడాదికి సుమారు 35,000 అనుకోండి. ప్రపోజల్ ఫారంలో నేపాలీ పౌరుడని స్పష్టంగా రాయండి. "ఆధార్ ఉంది కదా, ఇండియన్ అని రాసేద్దాం" అనే ఏజెంటు మాట వినకండి, క్లెయిమ్ రోజున ఆ ఒక్క గడి మీ అమ్మగారిని రోడ్డున పడేయవచ్చు. నాయనమ్మను నేపాల్ ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేర్పించండి. 2016లో ఆ పథకం మొదలైందే కైలాలీలో. అయిదుగురి వరకు ఉన్న కుటుంబానికి ప్రీమియం 3,500 నేపాలీ రూపాయలు, వైద్యం లక్ష దాకా.

మీ దగ్గర మిగిలేది 2,65,000. పదిహేను నెలలు ఓపిక పట్టి చీటీని చివరిలో తీసుకుంటే, పాటలో పోయే సొమ్ము మిగిలి, కమీషన్ పోను సుమారు 4,70,000 వస్తాయి. రెండూ కలిస్తే 7,35,000, వంద భారత రూపాయలకు నూట అరవై నేపాలీ రూపాయల చొప్పున దాదాపు 11,75,000 నేపాలీ రూపాయలు. అప్పు లేకుండా సగం ధర చేతిలో ఉంటుంది. అప్పుడు చిన్న స్థలం చూసుకోవచ్చు. అయితే ఇల్లు కట్టడానికి కనీసం ఎంత విస్తీర్ణం ఉండాలో అక్కడి నగరపాలికలో ముందు అడగండి. ఈలోగా సొమ్ము ఊళ్లోని సహకారీలో (సహకార పొదుపు సంఘంలో) వేయమన్న మామయ్య సలహా వద్దు. అక్కడ ఎన్నో సహకారీలు దివాలా తీసి, పార్లమెంటు విచారణ సంఘం వేసేదాకా వెళ్లింది. హైదరాబాద్‌లోనే ఫ్లాట్ కొనాలన్న ఆలోచనకు నేపాలీ పౌరులకు రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి కనుక దాన్ని పక్కన పెట్టండి.

మీరు జతపరిచిన లాల్‌పుర్జా (భూమి యాజమాన్య పత్రం) ఫోటో చూశాను. కాగితం ఒక అంచు మడిచి ఫోటో తీశారు. మడత కింద పడిపోయినది మోహీ (కౌలుదారు) పేరు రాసే గడి. ఆ భూమి మీద కౌలుదారు హక్కు ఉంటే అక్కడే కనబడుతుంది. పైగా కైలాలీలో లాల్‌పుర్జాయే లేని, ఐలానీ అనే భూములు కూడా చేతులు మారుతుంటాయి. నాన్నగారు ఈ దశైంకు ఎలాగూ వెళ్తారు కాబట్టి, ఆ కిత్తా (ప్లాటు) నంబరు పట్టుకుని స్వయంగా మాల్‌పోత్ (భూమి శిస్తు) కార్యాలయంలో రోక్కా (అమ్మకంపై నిలుపుదల) ఉందేమో, నాపీ (సర్వే) కార్యాలయంలో పటం మీద దారి ఉందేమో, నగరపాలికలో ఆ నేలను వ్యవసాయ భూమిగా వర్గీకరించారేమో చూసి రమ్మనండి. వెళ్లేటప్పుడు బయానా సొమ్ము వెంట తీసుకువెళ్లవద్దు. ఎప్పుడైనా డబ్బు పంపవలసి వస్తే బ్యాంకు ద్వారా ఇండో-నేపాల్ రెమిటెన్స్ పద్ధతిలో పంపండి, ఒక విడతకు రెండు లక్షల దాకా వెళ్తుంది, రేపు ఆదాయం ఎక్కడిదని అడిగితే చూపించడానికి రసీదు ఉంటుంది. మడత విప్పి తీసిన ఫోటో మామయ్య పంపాక, దానితోపాటు నాన్నగారి పీఎఫ్ నామినీ వివరాలు కూడా రాయండి.